ప్రింటింగ్ ప్రెస్సులో ఆడవాళ్లు పైకి రావడం ఎలా: బైండింగ్ బల్ల నుంచి రేటు చెప్పే కుర్చీ దాకా

హైదరాబాద్‌లో ఏ ప్రెస్సుకి వెళ్లినా, అది చిక్కడపల్లి సందులో రెండు గదుల ప్రెస్సయినా, చర్లపల్లిలో కార్టన్లు కొట్టే ఫ్యాక్టరీ అయినా, ఆడవాళ్లు ఎక్కడ కనిపిస్తారో గుమ్మం దాటకముందే చెప్పేయొచ్చు. ఫారాలు (పుస్తకం పేజీలు అచ్చయిన పెద్ద షీట్లు) మడిచి, గ్యాదరింగ్ చేసే, అంటే వాటిని వరసగా పేర్చే, బైండింగ్ దగ్గర కొందరు. డీటీపీ కంప్యూటర్ల ముందు కొందరు. ముందు గదిలో బిల్లులు రాస్తూ, ఫోన్లెత్తుతూ ఒకరిద్దరు. మెషీన్ దగ్గర మగవాళ్లు, రేటు చెప్పే కుర్చీలో మగవాడు.

ఆ మూడు చోట్లా జీతం కొంత దూరం పెరిగి ఆగిపోతుంది. పనితనం తక్కువై కాదు. ప్రెస్సులో డబ్బు మిగిలేదీ పోయేదీ ముఖ్యంగా రెండు చోట్ల: రేటు కట్టేటప్పుడు, మెషీన్ మీద మొదటి షీటు ఓకే చేసేటప్పుడు. ఆ రెండు చోట్లా మాట చెల్లేవాళ్లకే పెద్ద జీతం. మీరు అక్కడికి చేరడం ఎలాగో వరసగా చెప్తాను. "ఓపిగ్గా చేసుకుంటూ పోండి, వాళ్లే గుర్తిస్తారు" అనే సలహా మాత్రం నా దగ్గర దొరకదు. ఓపిగ్గా చేసుకుంటూ పోయే మనిషిని అదే బల్ల దగ్గర ఉంచుకోవడమే యజమానికి లాభం.

ముందు ఒక జాబ్ వెంట నడవండి

మీ చేతికొచ్చిన ముక్క కాకుండా జాబ్, అంటే ఒక ఆర్డరు పని, మొత్తం చూడాలి. ఈ వారం వచ్చిన వాటిలో ఒక మామూలు జాబ్ ఎంచుకోండి. ఒక స్కూలు డైరీ చాలు. ఆర్డరు ఎవరు తీసుకున్నారు, జాబ్ కార్డు మీద ఏం రాశారు, కాగితం ఎక్కణ్ణుంచి వచ్చింది, ప్లేట్లు (పేజీల రూపం ఎక్కించిన అచ్చు రేకులు) మన దగ్గరే తీశారా బయటి సీటీపీలోనా (కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటు తీసే చోటు), మెషీన్ ఎక్కడానికి ఎంతసేపు ఆగింది, ల్యామినేషన్‌కి ఎక్కడికి పంపారు, బైండింగ్‌లో ఎన్ని షీట్లు తగ్గాయి, డెలివరీ చలానా మీద ఎన్ని కాపీలు పడ్డాయి. ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఫోన్లో వద్దు, ప్రెస్సులో చేతులకి ఎప్పుడూ ఇంకు మరకో, గమ్మో ఉంటుంది.

నాలుగైదు జాబ్‌లు ఇలా రాస్తే ఒక సంగతి తేలుతుంది. ఆలస్యాలు, గొడవలు చాలావరకు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి మారేచోటే పుడతాయి. జాబ్ కార్డు మీద జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) రాయరు, కస్టమర్ ఫోన్లో చెప్పిన మార్పు డీటీపీకి చేరదు. ఆ సందుల్లో ఏం జరుగుతుందో తెలిసిన మనిషి ప్రెస్సుకి కావాలి, అలాంటి మనిషి చాలా ప్రెస్సుల్లో ఉండరు.

కాగితం లెక్క నోటికి రావాలి

ఈ ఒక్క మెట్టు దగ్గర మిగతావన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టండి. ఎస్టిమేషన్, అంటే రేటు కట్టడం, యజమాని మెదడులో ఉండే రహస్యమేమీ కాదు, గుణకారాలూ భాగహారాలే.

రీము అంటే 500 షీట్లు. షీటు పొడవు, వెడల్పు అంగుళాల్లో తీసుకుని గుణించండి. దాన్ని జీఎస్ఎంతో గుణించి 3100తో భాగిస్తే రీము బరువు కిలోల్లో వస్తుంది. కొలత సెంటీమీటర్లలో ఉంటే 20,000తో భాగించాలి. మన దగ్గర పుస్తకాలకి ఎక్కువగా వాడే డబుల్ డెమీ, అంటే 23×36 షీటు, 70 జీఎస్ఎం తీసుకుందాం. 23 × 36 × 70 ÷ 3100. దాదాపు 18.7 కిలోలు.

ఇప్పుడు ఒక కవిగారు సొంత ఖర్చుతో వేసుకునే సంపుటి పట్టుకొచ్చారనుకోండి. డెమీ 1/8 సైజు, 96 పేజీలు, వెయ్యి కాపీలు, లోపలంతా ఒకే రంగు. డబుల్ డెమీ షీటులో రెండువైపులా కలిపి 32 పేజీలు పడతాయి కాబట్టి కాపీకి 3 షీట్లు. వెయ్యి కాపీలకు 3,000 షీట్లు, అంటే 6 రీములు, సుమారు 112 కిలోలు. వేస్టేజీ 5 శాతం వేస్తే 118 కిలోలు. కిలో 80 రూపాయలనుకుంటే లోపలి కాగితానికే 9,440. ఈ 80 లెక్క కోసం అనుకున్నదే, ఈరోజు రేటు మీ పేపర్ ఏజెంటునే అడగండి. అడగడం కూడా ఈ పనిలో భాగమే, ఏజెంటుకి మీ గొంతు అలవాటు కావాలి.

తర్వాత ప్లేట్లు. డబుల్ డెమీ మెషీన్ మీద 3 షీట్లు, షీటుకి రెండు వైపులు, మొత్తం 6 ప్లేట్లు. అదే పుస్తకం సగం సైజు షీటు వేసే డెమీ మెషీన్ మీద వేస్తే 6 ఫారాలు, 12 ప్లేట్లు, ఇంప్రెషన్లు (మెషీన్ మీద అచ్చు పడే సార్లు) కూడా రెట్టింపు. పెద్ద మెషీన్ గంట ఖర్చు ఎక్కువ, చిన్న మెషీన్‌కి ప్లేట్ల ఖర్చు ఎక్కువ. కాపీల సంఖ్యని బట్టి ఏది లాభమో మారుతుంది. వెయ్యికి, మూడు వేలకి, అయిదు వేలకి విడివిడిగా లెక్క కట్టి చూడండి, కాపీ ఖర్చు ఎలా పడిపోతుందో తెలుస్తుంది. ఆ తర్వాత కవరు, దాని మీద ల్యామినేషన్, బైండింగ్ కూలి, డీటీపీ, ఆటో ఛార్జీ. ఆటో ఛార్జీ మర్చిపోయి మునిగిన చిన్న ప్రెస్సులు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి.

ఇదే కవిగారు "ఇంకో నాలుగు పేజీలేనమ్మా" అని 100 పేజీలు చేశారనుకోండి. ఆ నాలుగు పేజీల కోసం విడిగా ప్లేట్లు, విడిగా మెషీన్ సెట్టింగ్, బైండింగ్‌లో విడిగా చేర్చే కూలి. "సార్, ఉన్న మూడు ముందుమాటల్లో ఒకటి తీసేస్తే మీకింత మిగుల్తుంది" అని మీరు అంకెతో సహా చెప్పగలిగితే, వచ్చేసారి ఆయన యజమానికి ఫోన్ చేయడు, మీకే చేస్తాడు. కస్టమర్ ఎవరికి ఫోన్ చేస్తున్నాడో దాన్ని బట్టే ప్రెస్సులో మీ విలువ తేలుతుంది.

సాధన ఇలా చేయండి. పాత జాబ్‌ల కార్డులు తీసి, బిల్లు చూడకుండా మీరే రేటు కట్టండి. తర్వాత అసలు బిల్లుతో పోల్చండి. తేడా ఎక్కడొచ్చిందో వెతకండి. ఎక్సెల్ షీటు చేసుకోండి కానీ, నోటి లెక్క వదలొద్దు. కస్టమర్ ఎదురుగా నిలబడి "ఎంతవుతుంది?" అన్నప్పుడు కంప్యూటర్ తెరిచేలోగా పక్క ప్రెస్సుకి వెళ్లిపోతాడు.

మెషీన్ దగ్గరికి వెళ్లండి

ఆడవాళ్లని మెషీన్ దగ్గరికి రానివ్వకపోవడానికి చెప్పే మొదటి కారణం బరువు. పైన లెక్క కట్టిన రీము 18.7 కిలోలు. ఇంట్లో 25 కిలోల బియ్యం బస్తా జరిపే మనిషికి చెప్పే మాటేనా ఇది? పైగా పెద్ద ప్రెస్సుల్లో పేపరు పైల్‌ని హ్యాండ్ ట్రాలీ లాగుతుంది, ఇంకు కీలు కన్సోల్ మీద తిప్పుతారు.

రెండో కారణం చట్టం ఒప్పుకోదని. ఇప్పుడది చెల్లదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం ఆడవాళ్లు అన్ని సంస్థల్లో అన్ని రకాల పనులూ చేయొచ్చు. ఉదయం 6 కంటే ముందు, రాత్రి 7 తర్వాత పనికి మాత్రం వాళ్ల సమ్మతి ఉండాలి, భద్రత ఏర్పాట్లు యజమాని చేయాలి.

అందరూ మెషీన్‌మన్ కావాలని నేననడం లేదు. కానీ మెషీన్ మీద ఏం జరుగుతుందో తెలియకుండా ప్రొడక్షన్ సీటులో ఎవరూ నిలవలేరు. నేర్చుకోవడానికి సరైన సమయం మేక్‌రెడీ: కొత్త ప్లేట్లు ఎక్కించి, రంగులు కుదిర్చే ఆ కాసేపు. అప్పుడు పక్కన నిలబడండి. లెన్స్ పెట్టి నాలుగు రంగుల గుర్తులు ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయో లేదో చూడండి. షీటు చివర కలర్ బార్, అంటే రంగుల పట్టీ, చూడండి. ప్లేటు మీద నీళ్లూ ఇంకూ ఎలా తూగుతున్నాయో అడగండి. నీళ్లెక్కువైతే రంగు వెలిసిపోతుంది, తక్కువైతే ప్లేటు మసిబారి ఖాళీ జాగాలో కూడా ఇంకు పడుతుంది. ఆ నీళ్ల పీహెచ్ (ఆమ్లగుణం కొలత) సాధారణంగా 4.8 నుంచి 5.5 మధ్య ఉంచుతారు, దాన్ని ఎలా కొలుస్తున్నారో చూడండి. అసలు కొలుస్తున్నారో లేదో కూడా చూడండి!

మెషీన్ అన్న మొదట్లో విసుక్కుంటాడు. పాతబస్తీలో అయితే ఉస్తాద్ అసలు మాట్లాడకపోవచ్చు. బతిమాలితే ఎవరూ విద్య చెప్పరు, ఇచ్చిపుచ్చుకోవడం మీద చెప్తారు. మెషీన్‌మన్ నిత్యబాధ ఏమిటంటే డీటీపీ నుంచి వచ్చే తప్పుడు ఫైళ్లు. నల్ల అక్షరాలు నాలుగు రంగుల్లో విడిపోయి వస్తాయి, బ్లీడ్ (కటింగ్ కోసం అంచు దాటించే భాగం) ఉండదు, ఫొటో వాట్సాప్ నుంచి దించినదై ఉంటుంది. "అన్నా, ఈ వారం నీకు ఏ ఫైలు ఇబ్బంది పెట్టిందో చెప్పు, నేను సరిచేయిస్తా" అని మొదలుపెట్టండి. రెండు వారాల్లో ఆయనే పిలిచి "ఇదిగో చూడు" అంటాడు.

రంగు ఓకే చేసేటప్పుడు ఒక జాగ్రత్త. ట్యూబులైటు కింద చూసిన రంగు ఎండలో వేరుగా కనిపిస్తుంది. రంగు చూసే బల్లకి 5000 కెల్విన్ లైటు ఉండాలి. లేకపోతే అడిగి పెట్టించండి, పెద్ద ఖర్చేమీ కాదు. ఓకే షీటు మీద మీ సంతకం, తేదీ, సమయం వేయండి. ఆ సంతకం పెట్టే హక్కు కోసమే ఇదంతా.

కొంగు, చున్నీ, గాజులు, విడిచిన జడ రోలర్ల దగ్గర ప్రాణం మీదికి తెస్తాయి. ఏప్రాన్ వేసుకోండి, జడ ముడేసుకోండి. తిరిగే మెషీన్‌ని గుడ్డతో తుడవడం మెషీన్‌మన్ చేస్తుంటే చూసి నేర్చుకోవద్దు, అది ఎవరూ చేయకూడని పని. రోలర్ వాష్ వాసన గాలాడని గదిలో తలనొప్పి తెస్తుంది, గర్భంతో ఉన్నప్పుడు ఆ గదికి దూరంగా ఉండే పని అడిగి తీసుకోండి.

మీరు ఇప్పుడున్న బల్లని బట్టి

డీటీపీలో ఉన్నవాళ్లకి: పేజ్‌మేకర్ అనే పాత పేజీ సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను తెలుగు ఫాంట్ల మీద చేతివేగం ఒకప్పుడు జీవితాంతం అన్నం పెట్టింది. ఇప్పుడు కస్టమర్ మ్యాటరు యూనికోడ్‌లో ఫోన్‌కి పంపుతాడు. దాన్ని అనుకి మార్చినప్పుడు ఎక్కడ ఒత్తులు ఎగిరిపోతాయో, ఏ అక్షరాలు తారుమారవుతాయో మీకు తెలిసినంతగా యజమానికి తెలియదు. ఆ జాబితా రాసి గోడకి అంటించండి. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు పెట్టేటప్పుడు వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే అక్షరాలు విరిగిపోతాయి, ఈ చిన్న సెట్టింగ్ తెలియక యూనికోడే పనికిరాదని కొట్టిపారేసినవాళ్లున్నారు. తెలుగు ఒత్తులు, గుడులు సన్నగా ఉంటాయి కాబట్టి చిన్న పాయింటులో, ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు పెడితే మెషీన్ మీద పూడుకుపోతాయి. డిజైన్ దశలోనే అడ్డుచెప్పండి.

ఛత్తా బజార్‌లో శుభలేఖల పని చేసేవాళ్లకి ఇంకో మాట. అక్కడ ఒకే కార్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు మూడూ కలిసే ఆర్డర్లు వస్తాయి. అనుతో పాటు ఉర్దూ ఇన్‌పేజ్ కూడా తెలిసిన అమ్మాయికి రేటు వేరు. ఉర్దూ చదవడం రాకపోతే అది ముందు నేర్చుకోండి, సాఫ్ట్‌వేర్ తర్వాత.

అమీర్‌పేటలో నెల రోజుల డిజైన్ కోర్సు సర్టిఫికెట్ గురించి నా అభిప్రాయం అడిగితే, అది మొదటి ఉద్యోగం ఇప్పిస్తుంది, రెండోది ఇప్పించదు. డిజైన్ తెలిసినవాళ్లు వందల్లో ఉన్నారు. ఇంపోజిషన్ (మడిచాక పేజీలు వరసగా వచ్చేలా షీటు మీద అమర్చడం), ట్రాపింగ్ (పక్కపక్క రంగుల మధ్య తెల్ల సందు రాకుండా చూడడం), ప్లేటుకి వెళ్లే పీడీఎఫ్ తనిఖీ తెలిసినవాళ్లు తక్కువ. ప్రీప్రెస్ వైపు, అంటే అచ్చుకి ముందు జరిగే ఈ పనుల వైపు, జరగండి.

బైండింగ్‌లో ఉన్నవాళ్లకి: మీ దగ్గరున్న విద్యకి ఎవరూ పేరు పెట్టలేదు, అందుకే దానికి విలువ కట్టలేదు. కాగితం చేత్తో వంచి గ్రెయిన్ (కాగితంలో నారల దిశ) ఎటుందో చెప్పగలరు. గ్రెయిన్ పుస్తకం వెన్నుకి సమాంతరంగా లేకపోతే పుస్తకం సరిగ్గా తెరుచుకోదు, వానాకాలంలో అలలు తేలుతుంది. ఇది అచ్చయిపోయాక బైండింగ్‌లో తెలిస్తే చేసేదేమీ లేదు. కాగితం కొనేముందు తెలిస్తే మొత్తం జాబ్ నిలబడుతుంది. కాబట్టి ఇంపోజిషన్ డమ్మీ (పేజీల వరస చూసే నమూనా) మడిచేటప్పుడు నన్ను పిలవండి అని అడగండి. సెంటర్ పిన్నింగ్ పుస్తకంలో పేజీలు ఎక్కువైనకొద్దీ లోపలి పేజీలు బయటికి తోసుకొస్తాయని, కటింగ్‌లో అక్షరాలు తెగుతాయని మీకు తెలుసు, ఆ మార్జిన్ ఎంత వదలాలో డీటీపీకి చెప్పేది మీరే కావాలి.

ఇంకో పని: వెయ్యి ఫారాలకి ఇంత అని పీస్ రేటు మీద చేస్తుంటే, నెలజీతానికి మారే మాట ఎత్తండి. పీస్ రేటులో చేతివేగం ఉన్నంతకాలం బాగానే ఉంటుంది, నడుము నొప్పి మొదలైన రోజు నుంచి రాబడి పడిపోతుంది. ఫోల్డింగ్ మెషీన్, పర్ఫెక్ట్ బైండర్, డై కటింగ్, వీటిలో ఒకటి నడపడం నేర్చుకుంటే ఆ మాట ఎత్తడం తేలిక.

ముందు గదిలో ఉన్నవాళ్లకి చెప్పాల్సింది తక్కువే. ఎస్టిమేషన్‌కి అందరికంటే దగ్గరగా ఉన్నది మీరే. బాకీల జాబితా మీ దగ్గరుంటుంది, ఏ కస్టమర్ ఎన్నాళ్లకి డబ్బిస్తాడో తెలుసు. పైన చెప్పిన కాగితం లెక్క దానికి కలపండి, చాలు.

మందుల పెట్టెల వైపు చూడండి

హైదరాబాద్‌లో ఉండి ఫార్మా ప్యాకేజింగ్ వైపు చూడకపోతే పొరపాటు. ఇక్కడి మందుల కంపెనీలకి కార్టన్లు, లేబుళ్లు, లోపల పెట్టే మడతల కాగితాలు రోజూ కావాలి. పెళ్లిళ్లకి మూఢం వస్తుంది, మందులకి రాదు.

ఈ పనిలో అందం కంటే తప్పు లేకపోవడం ముఖ్యం. మిల్లీగ్రాముల దగ్గర ఒక చుక్క తేడా వస్తే సరుకు మొత్తం వెనక్కి వస్తుంది. ఒక మందు లేబుల్ ఇంకో మందు కట్టలో కలవడం కంటే పెద్ద నేరం ఇక్కడ లేదు. అందుకే ఒక జాబ్ అయ్యాక మెషీన్ చుట్టూ ఒక్క పాత షీటు కూడా మిగలకుండా చూసి సంతకం చేస్తారు, దాన్ని లైన్ క్లియరెన్స్ అంటారు. ఆర్ట్‌వర్క్ వెర్షన్ నంబర్లు, ఫార్మాకోడ్ (మందుల ప్యాకింగ్ మీద మెషీన్ చదివే గీతల కోడ్), బార్‌కోడ్ గ్రేడు, యూరప్‌కి వెళ్లే కార్టన్ల మీద మందు పేరు బ్రెయిలీలో, ఇవన్నీ తనిఖీ చేసే మనుషులు కావాలి. మన దేశంలో కూడా 300 బ్రాండ్ల మందుల ప్యాకింగ్ మీద బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ 2023 ఆగస్టు 1 నుంచి తప్పనిసరైంది.

ప్రూఫ్ రీడింగ్ చేసిన కళ్లకి ఇది తగిన చోటు. చేరేటప్పుడు ఆర్ట్‌వర్క్ చెకింగ్ లేదా క్యూసీలో (నాణ్యత తనిఖీ) చేరండి, రెండేళ్లలో క్యూఏ డాక్యుమెంటేషన్ (నాణ్యత పద్ధతుల రికార్డులు) వైపు జరగండి. కంపెనీల నుంచి ఆడిటర్లు వచ్చినప్పుడు రికార్డులు చూపించే మనిషి మీరయితే, మీ పేరు ఆ కంపెనీకి కూడా తెలుస్తుంది. వచ్చే ఉద్యోగం చాలాసార్లు అటువైపు నుంచే పలుకుతుంది.

ఒక హెచ్చరిక: "ఆడవాళ్లు ఓపిగ్గా చూస్తారు" అని చెప్పి కార్టన్లు ఏరే బల్ల మీదే ఏళ్లతరబడి కూర్చోబెట్టే చోట్లున్నాయి. ఏడాది దాటాక పని మారకపోతే అడగండి, అడిగినా మారకపోతే చోటు మార్చండి.

చదువు

పది పూర్తయిన చెల్లెలో కూతురో ఉంటే పాలిసెట్ రాయించండి. సికింద్రాబాద్ ఈస్ట్ మారేడ్‌పల్లిలో ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, మూడేళ్ల డిప్లొమా. ఇంజినీరింగ్ డిగ్రీ కావాలంటే చెన్నై అన్నా యూనివర్సిటీ, కోల్‌కతా జాదవ్‌పూర్ యూనివర్సిటీ పేరున్నవి. ఏదైనా డిగ్రీ చేసి ప్యాకేజింగ్‌కి మారాలనుకునేవాళ్లకి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కి మన ఊళ్లోనే కేంద్రం ఉంది, ఎవరికి అర్హత ఉందో ఆ నోటిఫికేషన్‌లో చూసుకోండి. ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ ఉంటే మన ఊళ్లోని సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్ నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి, టెక్నీషియన్ పోస్టులకి ప్రింటింగ్ ఐటీఐ, డిప్లొమా అడుగుతారు.

జీతం, హోదా అడిగేటప్పుడు

నోటుబుక్కు ఇక్కడ పనికొస్తుంది. ప్లేటుకి ముందే పట్టుకున్న తప్పులు, తిరగ్గొట్టకుండా కాపాడిన జాబ్‌లు, వేస్టేజీ తగ్గిన చోట్లు, మీరే తెచ్చిన కస్టమర్లు, ప్రతిదాని పక్కనా జాబ్ నంబరు, మిగిలిన డబ్బు. "సార్, నేను చాలా కష్టపడుతున్నాను" అంటే "అందరం కష్టపడుతున్నామమ్మా" అంటారు. "సార్, ఈ ఆరు నెలల్లో నేను ఆపిన తప్పుల వల్ల ప్లేట్లు, కాగితం కలిపి ఇంత మిగిలింది, ఇదిగో లెక్క" అంటే మాట మారుతుంది.

సమయం చూసి అడగండి. బడి పుస్తకాలు జూన్‌లోగా అందాలి కాబట్టి వేసవి ముందు, డైరీలు క్యాలెండర్లు మొదలయ్యే ముందు దసరా రోజుల్లో యజమానికి మనుషులు కావాలి. జూలైలో మెషీన్లు ఖాళీగా ఉన్నప్పుడు అడిగితే జవాబు ముందే తెలుసు.

జీతంతో పాటు హోదా కూడా కాగితం మీద తీసుకోండి. పదిమంది, ఆ పైన పనిచేసే చోట అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలని కొత్త కోడ్ చెప్తోంది. చేసేది ఎస్టిమేటర్ పని, లెటర్‌లో "ఆఫీస్ అసిస్టెంట్" అని ఉంటే ఇంకో ప్రెస్సులో మీకు మళ్లీ అసిస్టెంట్ జీతమే. ఒకే పనికి మగవాళ్లకొక జీతం, ఆడవాళ్లకొక జీతం ఇవ్వడం వేతనాల కోడ్ ప్రకారం కుదరదు. నెలజీతం 21,000 లోపుంటే ఈఎస్ఐ కార్డు అడగండి. ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు, అంతకుముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి. సెలవుకి వెళ్లేముందు మీ జాబ్‌ల వివరాలు రాసి ఒకరికి అప్పగించండి, కానీ కస్టమర్ల ఫోన్ నంబర్లు మీ దగ్గర కూడా ఉండనివ్వండి.

వేధింపుల విషయంలో చిన్న ప్రెస్సుల్లో ఒక చిక్కుంది. పదిమంది, ఆ పైన ఉంటే లోపలి కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువున్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా, జిల్లా స్థాయి లోకల్ కమిటీకి రాసివ్వాలి, మూడు నెలల్లోగా. కుటుంబం నడిపే ప్రెస్సుల్లో ఈ లోకల్ కమిటీయే ఎక్కువగా అవసరమవుతుంది. తక్షణం సాయం కావాలంటే పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి.

రాత్రి షిఫ్టుకి ఒప్పుకునేముందు ఇంటిదాకా వాహనం ఎవరు పంపుతారు, ఆ షిఫ్టులో ఇంకో ఆడమనిషి ఉంటుందా, తాళం ఎవరి దగ్గరుంటుంది, ఈ మూడూ తేల్చుకోండి. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకంతో సిటీ బస్సులో ఛార్జీ లేకుండా జీడిమెట్ల, చర్లపల్లి దాకా పోవచ్చు, దూరపు ప్రెస్సులో మంచి జీతం ఇన్నాళ్లూ ఛార్జీలకే పోతుందని వదులుకున్నవాళ్లు మళ్లీ లెక్కేసుకోవచ్చు. కానీ అర్ధరాత్రి బస్సు మీద ఆధారపడి షిఫ్టు ఒప్పుకోవద్దు.

మీ పైన ఉన్న కుర్చీ యజమాని అబ్బాయికో, బావమరిదికో రాసిపెట్టి ఉంటే అక్కడ ఎంతకాలమున్నా ఆ కుర్చీ రాదు. నేర్చుకోవాల్సింది నేర్చుకుని ఇంకో చోటికి వెళ్లండి. మొహమాటానికి ఉండిపోవడం మన ఊళ్లో పెద్ద జబ్బు.

సొంతంగా పెట్టుకోవాలంటే

మెషీన్ కొనడంతో మొదలుపెట్టొద్దు. ఈ ఊళ్లో ప్లేట్లు ఒకరు తీస్తారు, అచ్చు ఒకరు వేస్తారు, ల్యామినేషన్ ఒకచోట, బైండింగ్ ఇంకోచోట, అన్నీ జాబ్ వర్కుకి దొరుకుతాయి. మొదటి ఏడాది ఆర్డర్లు తీసుకుని, ఈ నలుగురి దగ్గరా చేయించి, క్వాలిటీ మీరు చూసుకోండి. కస్టమర్లు నిలబడ్డాక చిన్న డిజిటల్ మెషీన్, ఆ తర్వాతే ఆఫ్‌సెట్.

రుణానికి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, పీఎంఈజీపీ చూడండి. తయారీ యూనిట్‌కి 50 లక్షల దాకా, సేవల యూనిట్‌కి 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు. ఆడవాళ్లకి నగరంలో 25 శాతం, గ్రామీణ ప్రాంతంలో 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. దరఖాస్తుకి ముందు బ్యాంకులో తాజా నిబంధనలు కనుక్కోండి. ప్రాజెక్టు రిపోర్టు ఏజెంటు చేత రాయించకండి, కాగితం లెక్క వచ్చిన మీకంటే బాగా ఎవరు రాస్తారు? 2018లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన వీ హబ్, 1993 నుంచి నడుస్తున్న ఎలీప్ మహిళా పారిశ్రామికవేత్తలకి శిక్షణ, దారి చూపించడం చేస్తాయి. ఎలీప్‌కి గాజులరామారంలో ఇండస్ట్రియల్ ఎస్టేట్ కూడా ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి ప్రభుత్వ నమోదు) మీ పేరు మీదే చేయించండి, మీ వారి పేరు మీద కాదు. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 3 శాతం మహిళల సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలన్న నియమం అలాగైతేనే మీకు పనికొస్తుంది.

పత్రికలు, మ్యాగజైన్లు అచ్చు వేసేట్టయితే 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం ప్రింటరు వివరాలు ఆన్‌లైన్‌లో ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్‌కి తెలపాలి. ఎన్నికల కరపత్రాలకి ఇంకా గట్టి నియమం ఉంది, ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్. కరపత్రం మీద ప్రింటరు, పబ్లిషరు పేర్లు, చిరునామాలు తప్పకుండా ఉండాలి. వేయించుకునే మనిషి ఇద్దరు సాక్షులతో సంతకం చేసిన డిక్లరేషన్ ఇవ్వాలి, అచ్చయ్యాక కాపీ అధికారులకి పంపాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎంత తెలిసిన నాయకుడైనా డిక్లరేషన్ చేతికి రాకుండా ప్లేటు తీయొద్దు. ఇక డబ్బు సంగతి: ఎన్నికల పనికి సగం అడ్వాన్సు కాదు, మొత్తం అడ్వాన్సే. ఓడిపోయినాయన ఫోనెత్తడు, గెలిచినాయన దగ్గరికి మనల్ని వెళ్లనివ్వరు.